బావినీటికి శుద్ధప్రతి

జూన్ 4

పూజ్యులైన మామయ్యకు,

తూనీగ నమస్కారాలు. అత్తయ్య మోకాలు ఎలా ఉంది? "తగ్గింది" అని మీరు రాస్తే నమ్మను. ఆవిడ మాటగా రాయండి.

ఇక్కడ మా పని పాకాన పడింది. తాగునీటికి చట్టబద్ధమైన ప్రమాణాలు నిర్ణయించే సంఘం ముసాయిదా పోయిన వారమే అచ్చయింది. నీళ్లలో ఏ లోహం ఎంతవరకు ఉండవచ్చు, ఏ లవణం ఎంత దాటకూడదు, ఎవరు పరీక్షించాలి, దాటితే ఏమి చేయాలి, అన్నీ అందులోకి ఎక్కించాం. ఒక ప్రతి మీకు పంపుతున్నాను. అభ్యంతరాలు చెప్పుకోవడానికి జనానికి గడువిచ్చారు. ఆ తరువాత సంఘంలో ఓటు.

మీతో రెండు పనులున్నాయి. చట్టం తొలి పుటలో "తాగునీరు" అంటే ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పాలి. మా న్యాయ సలహాదారు రాసిన వాక్యం చదివితే దాహంతో ఉన్నవాడు కూడా గ్లాసు కింద పెట్టేస్తాడు. మీరు బతుకంతా ముద్రణాలయంలో కావ్యాలకూ శాస్త్రాలకూ ప్రూఫులు దిద్దినవారు. ఒక్క వాక్యం రాసివ్వండి మామయ్యా. చిన్నది. పాలుపోసే మనిషికి కూడా అర్థం కావాలి.

ఇక రెండవది. వీధివారంతా పంచుకునే బావులకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. మన బావి సంగతి ముందే తెలుసుకుంటే మంచిదని పార్సెలులో మూత బిగించిన సీసా ఒకటి పెట్టాను. నీళ్లు నింపి పంపండి. దానితోపాటు సూచనల కాగితం ఉంది. అందులోని అక్షరదోషాలు దిద్దడం మాని, చెప్పినట్టు చేయండి.

మీ తూనీగ

జూన్ 13

తూనీగమ్మకు, నిండు బావియంత ఆశీస్సులు.

మోకాలి సంగతి మీ అత్తయ్యనే అడిగాను. "ఈయన బావి గురించి మాట్లాడ్డం మానేస్తే నా మోకాలు దానంతటదే తగ్గుతుందని రాయండి" అన్నది. వ్రాశాను.

వాక్యం పంపుతున్నాను. "సకలప్రాణిలోకజీవనాధారభూతమును, వర్ణగంధకాలుష్యవిరహితమును, శరచ్చంద్రికాసదృశనైర్మల్యశోభితమును, పీతమాత్రమున తాపత్రయోపశమనకరమును, భూగర్భమునుండి గాని మేఘమండలమునుండి గాని లబ్ధమైనదియు నగు..." ఇక్కడికి విశేషణాలు పూర్తి అయినవి. విశేష్యం, క్రియాపదం వచ్చే ఉత్తరంలో పంపుతాను. తొందరపెట్టకు.

ముసాయిదా ఆమూలాగ్రం చదివాను. దోషాలు ఎర్రసిరాతో దిద్ది వేరుగా ఉంచాను. సీసము ఎంత తక్కువగా ఉంటే అంత మేలని ఒకచోట ఉన్నది. అది లోహాన్ని గురించే కాని పద్యాన్ని గురించి కాదని తలచి క్షమించాను. కాని నైట్రేటు అనే లవణానికి ఒక అంకె కట్టి, అది దాటిన బావికి మూత వేయాలన్నారు చూడు, అక్కడ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అంకె వేసినవాడెవడో గాని, పుట్టి బుద్ధెరిగినాక ఒక్క బావిలోకి తొంగిచూచినవాడు కాడు. నీటిని తల్లీ అని సంబోధించి స్తుతించిన వాక్కులు అచ్చయ్యేటప్పుడు ఈ కళ్లతో దిద్దాను. తల్లికి కొలతలు తీస్తారా? నాలుక ఉన్నది దేనికి? మన బావినీరు నాలుక మీద పడగానే ఇది తియ్యన, ఇది స్వచ్ఛము అని అదే చెబుతుంది. వీధి వీధంతా బిందెలతో మన గుమ్మంలోకి రావడం నా ముఖారవిందం చూడడానికి కాదు కదా!

ఎదురింటి ప్లీడరు ఒక్కడే పురపాలక కుళాయి నీళ్లు తాగుతాడు. మందు కంపు కొట్టే ఆ నీళ్లు తాగి కూడా, అతని ప్రహరీమీది గులాబీలు మాత్రం ఎండకు వాడవు, వానకు రాలవు. ఏమి ఎరువు వేస్తావయ్యా అంటే నవ్వి ఊరుకుంటాడు.

సీసా ఈ రోజే పంపాను. సర్కారు కార్యాలయానికి చిత్తుప్రతి పంపే అలవాటు నాకు లేదని నీకు తెలుసు. తగిన మర్యాదలన్నీ చేసి, శుద్ధప్రతినే పంపాను.

ఇట్లు,
ప్రమాణాలకు అందని నీటిని తాగి ఇంతవాడైన
మీ మామయ్య

జూన్ 30

మామయ్యా,

సీసా అందింది. ఫలితం చూసి మా ప్రయోగశాల పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "అమ్మాయ్, ఈ నీళ్లలో ఒక్క సూక్ష్మజీవి లేదు. ఒక్కటంటే ఒక్కటి! నైట్రేటేమో ముసాయిదా అంకెకు రెట్టింపు దాటింది. ఇది బావా, మందుల కొట్టా?" అన్నారు.

నవ్వకండి. నైట్రేటు ఎరువుల్లోంచి, మరుగుదొడ్ల గుంతల్లోంచి నేలలోకి దిగి నీళ్లలో కలుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మీ నాలుక ఎంత గొప్పదైనా దానికి చిక్కదు. పెద్దవాళ్లకు మామూలుగా వెంటనే ఏమీ కాదు. డబ్బాపాలు తాగే నెలల పిల్లలకే ప్రమాదం. ఆ నీళ్లతో పాలు కలిపితే వాళ్ల రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. పెదవులు నీలంగా మారతాయి. ఆ అంకె వాళ్లకోసమే వేసింది. మన ఇంట్లో పసిపిల్లలు లేరు కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను. అయినా తాగడం ఆపండి, వీధివారికీ చెప్పండి. ఈ మధ్య బావి దగ్గర ఎవరైనా ఎరువు బస్తాలు గాని కడిగారా?

ఇంకో మాట. ఆ అంకె వేసిన "వాడు" నేనే. బావిలో తొంగిచూడలేదన్నారు. మన బావిలోకే తొంగిచూసి, జడ రిబ్బను పడేసుకుని, మీచేత వ్యాకరణబద్ధంగా తిట్లు తిన్నాను. గుర్తుందా?

ఈ ఫలితమే ఖాయమైతే, చట్టం వచ్చిన రోజున మన బావికి మూత పడుతుంది. ఆ ఉత్తర్వు మీద సంతకం నేనే పెట్టాలి.

క్రియాపదం ఇంకా రాలేదు. ఇక పంపవద్దు. చిన్న వాక్యం కావాలన్నాను, రైలుబండి కాదు.

తూనీగ

జూలై 8

తూనీగమ్మకు,

అంకె నీదేనని తెలిసి ఒక పూట మౌనం పాటించాను. మీ అత్తయ్య ఆ పూటను పండుగలా గడిపింది.

అంకె నీదైనంత మాత్రాన నేను తలవంచను. తాతలనాటి వ్యాఖ్యాతలనే దిద్దినవాణ్ణి, మేనకోడల్ని దిద్దలేనా! అభ్యంతరం వ్రాసి, ఎర్రసిరాతో దిద్దిన ముసాయిదాను జతచేసి, నీ ఉత్తరం అందిన నాడే సంఘానికి పంపాను. బంధుత్వం అడ్డు రాకూడదని సంతకం కింద "ఒక పౌరుడు" అని మాత్రమే పెట్టాను. నన్ను ఎవ్వరూ పోల్చలేరు.

ఇక నేరస్థుడు దొరికాడు. ఎరువు అనే మాట చదివిన మరుక్షణం నా చూపు ఎదురింటి గులాబీల మీదికి పోయింది. చెప్పులేసుకుని వెళ్లాను.

"ఏమయ్యా ప్లీడరూ, నీ పూలకోసం మా బావిలో విషం కలుపుతావా?"

"పంతులుగారూ, ముందు కూర్చోండి. ఏ సెక్షను కింద అడుగుతున్నారు?"

"మనిషన్నవాడి సెక్షను కింద!"

"అది రద్దయి చాలా కాలమైందండీ" అన్నాడు, తాపీగా నశ్యం డబ్బీ తీస్తూ. మరునాడు పరువునష్టం నోటీసు పంపాడు. నోటీసులో దోషాలు కొల్లలు. దిద్ది తిప్పి పంపాను. అప్పటి నుండి మా మధ్య మాటలు లేవు.

తాగడం ఆపమన్నావు. అంత కఠినం అక్కరలేదు, జాగ్రత్త రెట్టింపు చేశాను. నీళ్లను ఇప్పుడు చాలాసేపు మరగబెట్టి గాని ఎవరికీ ఇవ్వడం లేదు. మేడమీద కొత్తగా టైపిస్టు దంపతులు అద్దెకు దిగారని వ్రాశానా? వారికి నెలల పసివాడున్నాడు. గుండుబాబు అని పిలుస్తాం. ఆ తల్లి ఇంటి దగ్గరే టైపు పని చేసుకుంటుంది, పిల్లవాడివి డబ్బాపాలు. వాడి పాలకు నీళ్లు నేనే స్వయంగా కాస్తాను. పెద్దవారికి ఒక పొంగు, వాడికి సగానికి సగం ఇగిరేదాకా. పసివాడు కదా, మరింత శ్రద్ధ కావాలి.

నిశ్చింతగా ఉండు.

ఆశీస్సులతో,
ఒక పౌరుడు

జూలై 11 (టెలిగ్రాం)

బిడ్డకు ఆ నీళ్లు ఆపండి. కాచిన కొద్దీ నైట్రేటు చిక్కబడుతుంది. పెదవులు నీలంగా ఉంటే వెంటనే డాక్టరు. మచ్చు కూడా కాచే పంపారా? తూనీగ.

జూలై 14

అమ్మా తూనీగా,

నీ టెలిగ్రాంలోని వాక్యనిర్మాణం గురించి చెప్పవలసినది చాలా ఉన్నది. చెప్పను. చెప్పే ముఖం లేదు.

టెలిగ్రాం చేతిలో పట్టుకుని మేడమెట్లు ఎక్కాను. గుండుబాబు టైపు మిషను బల్ల కింద బోర్లా పడుకుని తనలో తాను ఏదో కబుర్లు చెప్పుకుంటున్నాడు. తల్లి అటు తిరిగి టకటకా కొట్టుకుంటున్నది. వాణ్ణి ఎత్తి మొహం చూచాను.

తూనీగా, పెదవులు నీలం!

ఆ క్షణాన నేను చదివిన చదువంతా ఏమైపోయిందో నాకు తెలియదు. హాలాహలాన్ని కంఠంలోనే నిలిపి లోకాన్ని కాచిన దేవుడి కథ ఎన్నిసార్లు దిద్దానో! ఇక్కడ నేను గిన్నె పెట్టి, మంట పెట్టి, చిక్కగా కాచి మరీ పసిగొంతులో పోశాను. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తాను. చెప్పులు లేవు, పై చొక్కా లేదు. వెనకాల ఆ తల్లి, ఆ వెనకాల మోకాలి మాటే మరిచి మీ అత్తయ్య. ఎదురుగా ప్లీడరు కారు తుడుచుకుంటున్నాడు. నన్ను చూచి ముందు మొహం తిప్పుకున్నాడు, తరువాత పిల్లవాణ్ణి చూచాడు.

"ఎక్కండి!" అన్నాడు.

"మనకు మాటలు లేవు కదయ్యా..."

"మాట్లాడకుండానే ఎక్కండి!"

డాక్టరు గుండుబాబు గుండె విన్నాడు, గోళ్లు చూచాడు, నోరు తెరిపించాడు. నేను నైట్రేటు, రక్తము, ప్రాణవాయువు అని గుక్కతిప్పుకోకుండా చెబుతున్నాను. ఆయన దూది తడిపి వాడి పెదవి తుడిచాడు. దూది నీలమయింది, పెదవి ఎర్రబడింది.

"ఏమమ్మా, ఇంట్లో కార్బన్ కాగితాలున్నాయా?" అని తల్లినడిగాడు.

బల్ల కింద పడిన కార్బన్ కాగితాన్ని వెధవ ఇష్టంగా నమిలాడు! అందరం నవ్వాం. ఆ తల్లి నవ్వుతూనే ఏడ్చింది. నేనూ కాసేపు గోడవైపు తిరిగి నిలబడ్డాను. డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఈసారికి సిరా. ఆ నీళ్లే ఇలాగే పడుతుంటే ఏదో ఒకనాడు సిరా కాకపోవచ్చు" అన్నాడు. రక్తం పరీక్ష కూడా చేయించాం. వాడు క్షేమం. ఇప్పుడు వాడి పాలకు ప్లీడరు గారి కుళాయి నుండి నీళ్లు వస్తున్నాయి.

తిరిగి వస్తూ ప్లీడరుకు క్షమాపణ చెప్పుకున్నాను. అతడు ప్రహరీ దగ్గరికి తీసుకెళ్లి ఒక గులాబీ నా చేతికిచ్చాడు. ప్లాస్టిక్కు! ఇన్నేళ్లుగా ప్లాస్టిక్కు! "మీరు రోజూ అసూయగా చూస్తుంటే నిజం చెప్పబుద్ధి కాలేదండీ" అన్నాడు. తప్పు నా చూపుది, పువ్వుది కాదు.

మచ్చు కాచే పంపానా అని అడిగావు. ఎంత బాగా కాచానని అడుగు! ముందుగా నీ సీసాను వేడినీళ్లతో ముమ్మారు కడిగాను. నీళ్లను పలుచటి గుడ్డతో వడగట్టాను. సగమయ్యేదాకా మరిగించాను. చల్లార్చి, పైన తేటను మాత్రమే సీసాలో పోశాను. రచన ఏదైనా చిత్తును వడగట్టి, సాంద్రం చేసి, శుద్ధప్రతినే అచ్చుకు ఇవ్వాలని కదా నేను నేర్చినది. నీటికి కూడా అదే మర్యాద చేశాను.

మీ అత్తయ్య వెనకనుంచి చూచి "రాయండి, రాయండి. నీళ్లకు ప్రూఫులు దిద్దినవాడు భూమ్మీద మా ఆయనొక్కడే అని కూడా రాయండి" అంటున్నది.

ఇట్లు,
తలవంచిన
మామయ్య

జూలై 30

మామయ్యా,

గుండుబాబు సంగతి చదివేదాకా నాకు ఊపిరాడలేదు. చదివాక నవ్వాగలేదు. ప్రయోగశాలలో అందరికీ చదివి వినిపించాను, మీరు తిట్టినా సరే. మా పెద్దాయన "సూక్ష్మజీవులు ఎందుకు లేవో ఇప్పుడు తెలిసింది. పాపం, అన్నిటినీ కాశీకి పంపేశాడు" అన్నారు.

చక్కెర నీళ్లు మరిగిస్తే నీరు ఆవిరై పాకం మిగులుతుంది కదా. నైట్రేటూ అంతే. మరిగితే పురుగు చస్తుంది గాని లవణం చావదు, చిక్కబడుతుంది.

మీకు మళ్లీ సీసా పంపే ధైర్యం లేక మా ఇన్‌స్పెక్టరునే పంపాను. మీరు ఆయనకు కాఫీ ఇచ్చి, నీళ్ల జోలికి రాకుండా చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారట. సంతోషం. ఆ నీళ్ల ఫలితం వచ్చింది. కాచినప్పటంత లేదు. కానీ మామయ్యా, అంకెకన్నా కొంచెం పైనే ఉంది. కొంచెమే. పక్కన నిలబడి చూస్తే సమానంగా ఉందనిపించేంత.

ఇక అసలు కష్టం వినండి. మొన్న సంఘంలో అభ్యంతరాలు చదివారు. వచ్చినవాటిలో ఎక్కువ, పైపుల కంపెనీలవీ పురపాలకులవీ. ఎవరూ సరిగా వినలేదు. చివర్న అధ్యక్షులవారు ఒక కాగితం తీసి నిలబడి చదివారు. "తల్లికి కొలతలు తీయుదురా?" అన్నచోట ఆగి, ఆ వాక్యం మళ్లీ ఒకసారి చదివారు. ఇద్దరు సభ్యులు కళ్లొత్తుకున్నారు. దానితో జతగా మా ముసాయిదా, ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఎర్రసిరా. మిమ్మల్ని ఎవరూ పోల్చలేరని రాశారు కదా? ఎర్రసిరా చూడగానే నేను బల్ల కింద దూరాలనుకున్నాను.

"ఇంత గొప్ప మాట విన్నాక ఈ అంకెను పట్టుకుని వేలాడడం నాకు భావ్యంగా తోచడం లేదు. రెట్టింపు చేద్దాం" అన్నారు అధ్యక్షులవారు. చాలామంది తలలూపారు. వచ్చే సమావేశంలో ఓటు. అంతకు ముందు ఆ అభ్యంతరానికి సంఘం తరపున జవాబు చెప్పవలసింది ఆ అంకె వేసిన అధికారి. అంటే నేను.

నేను నోరు కుట్టేసుకుంటే చాలు, మన బావి బతుకుతుంది. మీ గుమ్మంలోకి బిందెలు వస్తూనే ఉంటాయి. ఒక సాయంత్రమంతా అదే ఆలోచించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒకటి రెండుసార్లు ఆ అంకెను చెరిపి పెద్దది వేసి చూసుకున్నాను కూడా. ఆ తరువాత గుండుబాబు గుర్తొచ్చాడు. వాణ్ణి నేను చూడనైనా లేదు.

ఏం చేయమంటారని అడగడానికి రాయడం లేదు. మీకు చెప్పకుండా చేయడం ఇష్టంలేక రాస్తున్నాను. నేను లేచి నిలబడి మీకు జవాబు చెబుతాను. నా మీద కోపం వస్తే అత్తయ్యతో చెప్పుకోండి.

మీ తూనీగ

ఆగస్టు 6

తూనీగమ్మకు,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను బావిగట్టు మీద రంగుడబ్బాతో ఉన్నాను.

కథ మొదటినుంచి చెప్పాలి. మీ ఇన్‌స్పెక్టరు నీళ్లు తోడుకున్నాక వెళ్లిపోక, పెరడంతా కలియతిరిగాడు. ఈ నైట్రేటు ఎక్కడిదో కనుక్కోవాలన్నాడు. ప్లీడరు కూడా కుర్చీ తెచ్చుకుని మా పెరట్లోనే కూర్చున్నాడు, "నిందితుణ్ణి కదా, దర్యాప్తు చూసే హక్కు నాకుంది" అని. ఇన్‌స్పెక్టరు పెరటి మూలకు పోయి, కాలితో తట్టి, "ఇదేమిటండీ?" అన్నాడు.

అది మన ఇంటి... దానికి కావ్యాలలో మాట లేదు. మనిషన్నవాడు రోజూ వెళ్లి వచ్చే చిన్నగది తాలూకు గుంత. నేనే దగ్గరుండి తవ్వించాను, బావినుండి నాలుగడుగులు వేస్తే చేరేంత దూరంలో. ఇల్లంతటికీ అనుకూలంగా ఉంటుందని మీ అత్తయ్య దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

"బావిలోకి దిగుతున్నది ఇదేనండీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ప్లీడరు లేచి, కోర్టులో లేచినట్టు చొక్కా సర్దుకుని, "మా కక్షిదారు నిర్దోషి అని మనవి" అన్నాడు. మీ అత్తయ్య నవ్వి నవ్వి మోకాలు పట్టుకుని కూర్చుండిపోయింది. వీధి వీధంతా తియ్యన, తియ్యన అని నా నీళ్లను పొగుడుతూ తాగినది దేనిని, తూనీగా! ఇంకా ముందుకు వ్రాయలేను. నీకు అర్థమయ్యే ఉంటుంది. ఈ సంగతి నీకు నేనే వ్రాస్తానని, అందాకా చెప్పవద్దని మీ ఇన్‌స్పెక్టరును బతిమాలాను.

నాలుక చాలునన్నాను. ఆ నాలుకే ఇన్నాళ్లూ దీనికి కితాబులిచ్చింది. దానికి అందనిదాని కోసమే మీరు అంకెలు వేస్తున్నారని ఈ గుంత ముందు నిలబడితే గాని నాకు తలకెక్కలేదు.

కనుక నీవు లేచి నిలబడనక్కరలేదు. అభ్యంతరం ఉపసంహరించుకుంటూ వ్రాసిన కాగితం దీనితో పంపుతున్నాను. ఈసారి నా పేరూ ఇంటి గుర్తూ అన్నీ ఉన్నాయి. కళ్లొత్తుకున్న ఆ ఇద్దరు సభ్యులకూ నా తరపున క్షమాపణ చెప్పు. అంకెను తగ్గించమని మాత్రం అడగను, పెంచితే ఊరుకోను.

చట్టం వచ్చి బావి మూసేదాకా ఆగడం ఎందుకని నేనే మూశాను. ఆ సంతకం నీచేత పెట్టించడం నాకు ఇష్టం లేదు. గుంతను కూడా అక్కడినుండి తీయిస్తున్నాను. ప్లీడరు తన కుళాయినుండి గొట్టం వేయించి మా గుమ్మం ముందుకు లాగాడు. బిందెలు అక్కడే నిండుతున్నాయి. కాబట్టి జనం ఇంకా మా గుమ్మంలోకే వస్తున్నారు. వచ్చినవారందరికీ అతడు గుంత కథ చెబుతున్నాడు, అదొక్కటే బాధ.

బావిమీద బోర్డు పెట్టాలని కూర్చున్నాను. నైట్రేటు స్వభావం, శిశువుల రక్తం, మరిగించడంలోని ప్రమాదం, నా అపరాధం అన్నీ కలిపి ఒక చక్కని దీర్ఘవాక్యం కూర్చుకున్నాను. తీరా చూస్తే చెక్క చిన్నది, రంగు అడుగంటింది. పెద్ద అక్షరాలు వ్రాయకపోతే మీ అత్తయ్యకు కనిపించవు. మనసు చంపుకుని ఒక్క వరుసతో ముగించవలసి వచ్చింది. "పసిబిడ్డకు పట్టగలిగినదే తాగునీరు. ఇది కాదు." ఒక్క సమాసం లేదు. చూచినప్పుడల్లా చిన్నతనంగా ఉన్నది.

నీ వాక్యం మాత్రం మరిచిపోలేదు. క్రియాపదం దాదాపు సిద్ధమయింది.

మామయ్య

సెప్టెంబరు 3

మామయ్యా,

క్రియాపదం ఇక అక్కరలేదు.

మీ కాగితం ముందే అందినా, నేను లేచే నిలబడ్డాను. అభ్యంతరం వెనక్కి తీసుకున్నారని చెప్పి కూర్చుంటే సరిపోయేది. అధ్యక్షులవారు ఊరుకోలేదు. "అంత గొప్పగా రాసిన మనిషి మనసు ఎందుకు మార్చుకున్నాడు?" అన్నారు. గుంత సంగతి మీ పరువుకోసం దాచుదామనుకున్నాను. ఆయన గుచ్చిగుచ్చి అడిగారు. చెప్పేశాను. కార్బన్ కాగితం, ప్లాస్టిక్కు గులాబీ, శుద్ధప్రతి, అన్నీ. అంత గంభీరమైన గది అది, టీ తెచ్చిన మనిషి కూడా ట్రే పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు. చివరికి బావిమీద ఏమి రాశారని అడిగితే, ఆ బోర్డు మాటలు చెప్పాను.

ఎవరూ నవ్వలేదు.

న్యాయ సలహాదారు తన వాక్యమున్న పుట తీసి, అడ్డంగా గీత కొట్టి, "మళ్లీ ఒకసారి చెప్పండి, నెమ్మదిగా" అన్నాడు. రాసుకున్నాక, "ఇది ఏ శాస్త్రంలోదండీ?" అని అడిగాడు. "ఒక బావి మూత మీదిది" అన్నాను.

అంకె ఉన్నది ఉన్నట్టు నిలిచింది. చట్టం తొలి పుటలో మీ వాక్యం అచ్చయింది. "ఇది కాదు" ఒక్కటి తీసేశారు. ప్రతి పంపుతున్నాను.

ఆ వాక్యం వల్ల మీకు చిన్నతనంగా ఉందన్నారు. నేను మాత్రం దాన్ని చదివినప్పుడల్లా కాస్త ఎత్తుగా నిలబడుతున్నాను.

మీ తూనీగ

సెప్టెంబరు 12

తూనీగమ్మకు, నిండు కుళాయియంత ఆశీస్సులు. (బావి మాట ఇక వాడలేను కదా.)

చట్టం ప్రతి అందింది. ప్లీడరు వీధివారినందరినీ పిలిచి తొలి పుట బిగ్గరగా చదివాడు. మీ అత్తయ్య "ముప్పై ఏళ్లుగా చిన్నగా మాట్లాడమంటున్నాను, ఇప్పటికి కుదిరింది" అన్నది. ఆమె మోకాలు నిజంగానే తగ్గింది. ఇది ఆమె మాటే.

కాని మీవాళ్లు నా వాక్యం చివర "నిబంధనలకు లోబడి" అని తోక తగిలించారు, చూచావా? పసిబిడ్డకు నిబంధనలకు లోబడి దాహం వేస్తుందా? ఎర్రసిరాతో కొట్టివేసి తిప్పి పంపుతున్నాను. ఈసారి పేరు పెట్టే పంపుతున్నాను.

గుండుబాబుకు పళ్లు వస్తున్నాయి. కార్బన్ కాగితాలు అటక మీదికి ఎక్కినవి. నిన్న వాడు గొట్టం దగ్గరికి పాకి, కారే నీళ్లకింద నోరు పెట్టాడు. నేను పరుగున వెళ్లి గొట్టం పక్కకు లాగబోయాను. ప్లీడరు "తాగనివ్వండి పంతులుగారూ, తొలి పుట ప్రకారమే తాగుతున్నాడు" అన్నాడు.

అయినా నమ్మకం నాలుకమీద ఉంచే కాలం నాకు పోయింది. అందుకని ఈ కుళాయి నీళ్లు కూడా నీవొకసారి పరీక్షించు. సీసాలో నింపి పంపుతున్నాను. కాచలేదు, వడగట్టలేదు, సీసా కడగలేదు. నింపే ముందు నా చేతులు మాత్రం శుభ్రంగా కడుక్కున్నాను.

మామయ్య